రెండు ఆంగ్ల పదాలకు ఒకే తెలుగు మాట ఇస్తే తేడా తెలిసేదెలా?

సంపాదకులకు నమస్కారములు.

తెలుగు దినపత్రికలన్నీ పోటీ పరీక్షలకు చదివే యువత కోసం ప్రత్యేక పేజీలు కేటాయిస్తున్నాయి. చేతిలో డబ్బు లేని పిల్లలకు వాటివల్ల జరుగుతున్న మేలు చాలా పెద్దది. ఆ పేజీల్లో ఆంగ్ల భాషకు ఇచ్చే భాగంలో తరచుగా కనిపించేది తికమక పెట్టే జంట పదాల పట్టిక. ఒక వరుసలో రెండు ఆంగ్ల పదాలు, వాటికి ఎదురుగా తలా ఒక తెలుగు అర్థం ఉంటాయి. గుంటూరులో చాలాకాలం డిగ్రీ విద్యార్థులకు ఆంగ్లం బోధించి, ఇప్పుడు బ్రాడీపేటలో డీఎస్సీకీ గ్రూప్స్‌కీ చదివే పిల్లలకు వ్యాకరణం చెబుతున్న నాకు, ఆ పట్టికలను కత్తిరించి నోటుపుస్తకాల్లో అతికించుకుని వచ్చే విద్యార్థులు ఎప్పుడూ కనబడుతూనే ఉంటారు. వారి శ్రద్ధను చూసిన ప్రతిసారీ ఆ పట్టికలు మరికొంత జాగ్రత్తగా తయారైతే బాగుండునని అనిపిస్తుంది. ఈ లేఖ రాయడానికి అదే మొదటి కారణం. రెండో కారణం పత్రికలోని వార్తలకు సంబంధించినది. దాన్ని కూడా క్రమంగా విన్నవిస్తాను.

అటువంటి ఒక పట్టికలో షేడ్ అంటే నీడ అనీ, షాడో అంటే నీడ అనీ ఉంది. రెండూ నీడే అయినప్పుడు రెండు మాటలెందుకని ఒక విద్యార్థిని నన్ను అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఎండ తగలని చల్లని చోటు షేడ్. వెలుతురుకు ఏదైనా అడ్డుపడినప్పుడు నేలమీదో గోడమీదో పడే దాని ఆకారం షాడో. ఎండన పడి వచ్చినవాడు వెతుక్కునేది మొదటిది, మనిషి వెంట నడిచేది రెండోది. ఈ తేడా తెలుగువారికి తెలియనిది కాదు. చెట్టు నీడన కూర్చున్నామన్నా, నీడకు రమ్మన్నా అది షేడ్ తప్ప మరొకటి కాదు. నా నీడ గోడమీద పడిందంటే అది షాడోయే. మాట ఒకటే అయినా వాక్యం ఆ రెండింటినీ విడదీసి చూపుతోంది. వాక్యాన్ని తీసేసి మాటను మాత్రమే పట్టికలో పెట్టినప్పుడు ఆ తేడా కాస్తా జారిపోయింది.

నేను చెప్పదలచుకున్న సంగతి ఇదే. ఆంగ్లం రెండు వేరు వేరు పదాల్లో పెట్టే తేడాను తెలుగు అనేక సందర్భాల్లో విభక్తిలో పెడుతుంది, లేదా మాట చివర చేరే ఒక చిన్న అక్షరంలోనో, క్రియ రూపంలోనో పెడుతుంది. అందువల్ల పదానికి పదం చొప్పున అర్థాలు ఇచ్చే పద్ధతిలో, తేడా ఎక్కడ ఉందో సరిగ్గా ఆ భాగమే రాలిపోతుంది.

దీనికి అన్నిటికంటే మంచి ఉదాహరణ డౌట్, సస్పెక్ట్ అనే జంట. నిఘంటువులోనూ పట్టికలోనూ రెండింటికీ అనుమానించు, సందేహించు అనే అర్థాలే కనిపిస్తాయి. వాడుకలో మాత్రం ఈ రెండూ దాదాపు ఎదురెదురు దిక్కులు. ఒక విషయం నిజమై ఉంటుందని మనసు మొగ్గినప్పుడు వాడేది సస్పెక్ట్, నిజం కాకపోవచ్చునని మొగ్గినప్పుడు వాడేది డౌట్. తెలుగులో ఇంత పనినీ అనుమానం అనే ఒక్క మాటతోనే నడుపుతున్నాం. అయినా ఎవరూ పొరబడరు. ఎందుకంటే "వాడు వచ్చాడని నా అనుమానం" అంటే వచ్చే ఉంటాడని మన ఊహ, "వాడు వస్తాడా అని నా అనుమానం" అంటే రాడేమోనని మన ఊహ. తేడా అంతా అనుమానం అనే మాటలో లేదు, దానికి ముందున్న "అని", "ఆ అని" అనే చిన్న ముక్కల్లో ఉంది. ఇది తెలియని విద్యార్థి ఏం చేస్తాడో చూడండి. హత్యలో ఫలానా వ్యక్తి హస్తం ఉందని పోలీసులు అనుమానిస్తున్నారన్న వాక్యాన్ని అనువదించమంటే, అనుమానానికి తనకు ముందుగా తోచే డౌట్ అనే క్రియను వాడేస్తాడు. అప్పుడు ఆ ఆంగ్ల వాక్యానికి, ఆ వ్యక్తి హస్తం ఉందంటే పోలీసులు నమ్మడం లేదన్న అర్థం వస్తుంది. ఒక్క పదంతో నిందపడిన మనిషి నిర్దోషి అయిపోతాడు. అనువాదానికి మార్కులు ఉండే పరీక్షలో ఆ అభ్యర్థికి ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇదే పదానికి మన తరగతి గదుల్లో మరో వాడుక ఉంది. అర్థం కాని సంగతి అడగదలచుకున్న విద్యార్థి లేచి, తనకొక డౌట్ ఉందంటాడు. దేశమంతటా ఈ వాడుక ఉంది, మనలో మనకు ఇబ్బందీ లేదు. పై చదువులకు విదేశాలకు దరఖాస్తు చేసుకునే పిల్లలు అక్కడి ఆచార్యుడికి ఉత్తరం రాసేటప్పుడు మాత్రం, మీ పరిశోధన గురించి నాకు డౌట్ ఉందని రాస్తే, మీరు రాసినదాన్ని నేను నమ్మడం లేదన్న అర్థం తీసుకోవడానికి అక్కడ వీలుంటుంది. అడగవలసిన చోట క్వశ్చన్ అనే మాట సరిపోతుంది. ఈ చిన్న హెచ్చరికను ఏ పట్టికలోనూ నేను చూడలేదు.

ఫ్యూ, ఎ ఫ్యూ అనే జంట విషయంలో విద్యార్థులు పడే శ్రమ చూస్తే జాలి వేస్తుంది. మొదటిదానికి దాదాపు లేనట్టే అనీ, రెండోదానికి కొద్దిగా ఉన్నట్టు అనీ సూత్రంలా బట్టీపడతారు, పరీక్ష గదిలో తారుమారు చేస్తారు. "సభకు కొద్దిమంది వచ్చారు" అంటే ఎ ఫ్యూ, "సభకు కొద్దిమందే వచ్చారు" అంటే ఫ్యూ. ఆ చివరి ఏకారంలో ఉన్న నిరాశ తెలుగు మాట్లాడే ప్రతివారికీ పుట్టుకతో తెలుసు. లిటిల్, ఎ లిటిల్ కూడా అంతే. "కుండలో కొంచెం నీళ్లున్నాయి" అన్నవాడు తాగమంటున్నాడు, "కొంచెమే ఉన్నాయి" అన్నవాడు జాగ్రత్తగా వాడమంటున్నాడు. ఒక్క ఏకారాన్ని గుర్తుచేస్తే చాలు, తరగతిలో చివరి వరుసలో కూర్చున్న పిల్లవాడు కూడా మళ్లీ తప్పు చేయడు. నాకు తెలిసినంతలో ఈ జంటకు ఇంతకంటే సులువైన దారి లేదు.

మాట చివర చేరే మరో చిన్న ముక్క "ఏమో". మిర్చి కోతలు సాగే రోజుల్లో గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో కల్లాల నిండా ఎర్రటి కాయలు ఆరబోసి ఉంటాయి. సాయంత్రం మబ్బు పట్టిందంటే రైతు పట్టాలు తీసుకుని పరుగెత్తుతూ "వాన పడుతుందేమో" అంటాడు. విత్తనం వేసి ఆకాశం వైపు చూస్తున్న మెట్ట రైతు కూడా అదే మబ్బును చూసి "వాన పడుతుందేమో" అనే అంటాడు. మొదటిది భయం, రెండోది ఆశ. మొదటి రైతు మాటను ఆంగ్లంలో చెప్పాలంటే ఎఫ్రెయిడ్ అనే పదంతో మొదలుపెట్టాలి, రెండో రైతు మాటకు హోప్ కావాలి. తెలుగులో మనిషి పరిస్థితి చెప్పే అర్థాన్ని ఆంగ్లంలో పదమే మోయాలి. అనువదించేవాడు ముందుగా ఎవరు, ఏ స్థితిలో ఆ మాట అన్నారో తెలుసుకోవలసి ఉంటుంది. అందుకే పదానికి అర్థం అడిగే విద్యార్థిని, వాక్యమేదో చెప్పమని నేను ఎదురు అడుగుతాను.

బారో, లెండ్ అనేవి రెండూ అప్పే. అప్పు తీసుకోవడం మొదటిది, ఇవ్వడం రెండోది. సీ, లుక్ అనేవి రెండూ చూడడమే అని పట్టిక చెబుతుంది కానీ, పాము కనబడిందంటే సీ, పాము వంక చూశామంటే లుక్. వినబడడానికీ వినడానికీ మధ్య ఉన్న తేడాయే హియర్, లిజన్ అనే జంటలోనూ ఉంది. వీటిమీద ఎక్కువ చెప్పనక్కరలేదు, తెలుగు క్రియను గుర్తుచేస్తే విషయం తేలిపోతుంది.

ఇక పట్టికల్లో ఎక్కువ చోటు ఆక్రమించేవి, ఒకేలా పలికి వేరుగా రాసే జంటలు. కదలకుండా నిలిచి ఉన్నదన్న అర్థంలోని స్టేషనరీకీ, కాగితాలూ కలాలూ అన్న అర్థంలోని స్టేషనరీకీ తెలుగు లిపిలో తేడాయే కనబడదు. కళాశాల అధిపతి ప్రిన్సిపల్‌కూ, సూత్రం అన్న అర్థమున్న ప్రిన్సిపుల్‌కూ పలుకుబడిలో తేడా నామమాత్రమే. ఇవి అక్షరక్రమానికి సంబంధించినవి, కొన్నిసార్లు రాస్తే చేతికి అలవాటవుతాయి. ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి సులువు కాబట్టి ఇవే ఎక్కువగా అడుగుతున్నారు, అడుగుతున్నారు కాబట్టి పత్రికలూ ఇవే ఇస్తున్నాయి. ఎఫెక్ట్ సాధారణంగా నామవాచకం, అఫెక్ట్ క్రియ అన్నంతవరకు చెప్పి ఊరుకుంటే కూడా సగమే చెప్పినట్టు. ఒక మార్పును అమలులోకి తీసుకురావడం అన్న అర్థంలో ఎఫెక్ట్ కూడా క్రియగా వస్తుంది, ప్రభుత్వ ఉత్తర్వులు చదివేవారికి అది తరచూ ఎదురవుతుంది.

ఆంగ్లంలో ఇన్ని జంటలు ఎందుకున్నాయో చెబితే విద్యార్థులకు ఆసక్తి కలుగుతుంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత, కొన్ని తరాలపాటు రాజసభలోనూ న్యాయస్థానంలోనూ ఫ్రెంచి మాటలు, పొలంలోనూ వంటింటిలోనూ పాత ఆంగ్ల మాటలు నడిచాయి. తరువాత రెండూ కలిసిపోయినా జంటలు మిగిలాయి. బిగిన్ ఇంటి మాట, కమెన్స్ కచేరీ మాట. ఆస్క్ ఇంటి మాట, ఇంక్వైర్ కచేరీ మాట. పశువు బతికి ఉండగా పాత ఆంగ్ల పేరుతో షీప్, వండి వడ్డించాక ఫ్రెంచి నుంచి వచ్చిన మటన్. మన దేశంలో ఆ మటన్ మేకమాంసానికి మారింది, అది వేరే సంగతి. తెలుగువారికి ఇది కొత్త కాదు. పెళ్లికీ వివాహానికీ, ఇంటికీ గృహానికీ మధ్య ఉన్న దూరం సరిగ్గా ఇటువంటిదే. గృహప్రవేశం అంటాం గానీ ఇల్లుప్రవేశం అనం, ఇల్లాలు అంటాం గానీ గృహాలు అని ఆ అర్థంలో అనం. అర్థం ఒకటే అయినంత మాత్రాన ఒకదాని చోట మరొకటి కూర్చోదని తన భాషలో తెలిసిన విద్యార్థి, అన్నం తినడం మొదలుపెట్టానని చెప్పడానికి కమెన్స్ వాడడు.

ఇంతవరకు చెప్పింది విద్యార్థుల పేజీ గురించి. ఇప్పుడు వార్తల సంగతి. క్రియల విషయంలో తెలుగు వాక్యం తేడాను కాపాడుతుందని పైన అన్నాను. వైద్యం, చట్టం, వాతావరణం వంటి రంగాల్లో ఆంగ్లంలోని రెండు పేర్లకు ఒకే తెలుగు పేరు పెట్టినప్పుడు మాత్రం ఆ తేడాను ఏ విభక్తీ కాపాడదు. అక్కడ పత్రికలు ఎంచుకునే మాటే పాఠకుడికి ఆధారం.

గుండెపోటు అనే మాటనే తీసుకుందాం. హార్ట్ ఎటాక్‌కూ, కార్డియాక్ అరెస్ట్‌కూ మన పత్రికలు ఎక్కువగా ఈ ఒక్క మాటే వాడుతున్నాయి. నిజానికి ఇవి రెండు వేరు వేరు ఆపదలు. గుండె కండరానికి రక్తం అందించే ధమనిలో అడ్డంకి ఏర్పడి, ఆ మేర కండరం దెబ్బతినడం హార్ట్ ఎటాక్. రోగికి సాధారణంగా స్పృహ ఉంటుంది. ఛాతీలో బరువు, నొప్పి, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి కనిపించవచ్చు. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. కార్డియాక్ అరెస్ట్‌లో గుండెను నడిపే విద్యుత్ లయ దెబ్బతిని, రక్తాన్ని పంపడమే ఆగిపోతుంది. మనిషి క్షణాల్లో కుప్పకూలుతాడు, పిలిస్తే పలకడు, ఊపిరి సవ్యంగా ఆడదు. వాహనం వచ్చేదాకా చూస్తూ నిలబడడానికి అక్కడ వ్యవధి లేదు. 108కు ఫోన్ చేయించి, పక్కనున్నవారే ఛాతీ మధ్యభాగాన్ని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవారికైతే కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు దిగేలా, బలంగా నొక్కుతూ ఉండాలి. ఆ పని ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం తగ్గిపోతూ ఉంటుంది. మొదటిది రెండోదానికి దారితీయవచ్చు గనుక రెండింటికీ సంబంధం ఉంది, కానీ పక్కనున్న మనిషి చేయవలసిన పని ఒకటి కాదు. వ్యాయామశాలలోనో ఆటస్థలంలోనో యువకుడు కుప్పకూలాడన్న వార్త గుండెపోటుతో మృతి అనే శీర్షికతో వచ్చినప్పుడు, చదివినవారు ఛాతీనొప్పి వస్తే ఆసుపత్రికి పోవాలని మాత్రమే గ్రహిస్తారు. నొక్కవలసిన చేతులు తమవేనన్న సంగతి తెలియదు. హృదయస్తంభన అనే మాట తెలుగులో ఉంది, కొందరు వైద్యులు వాడుతున్నారు కూడా. అది బరువనిపిస్తే గుండె ఆగిపోవడం అని తేలికగా రాయవచ్చు. ఏది వాడినా గుండెపోటుకు అది వేరని పాఠకుడికి తెలియాలి. ఈ లేఖలోని విన్నపాల్లో ఒక్కటే మన్నించగలమని మీరంటే, దీన్నే మన్నించమని కోరతాను.

వెదర్, క్లైమేట్ అనే జంటకు వాతావరణం ఒక్కటే దిక్కయింది. ఈ రోజు బెజవాడలో ఎండ మండిపోతోందన్నది వెదర్. కృష్ణా తీరాన మే నెలలో సాధారణంగా ఎంత ఎండ ఉంటుందన్నది క్లైమేట్. దాన్ని లెక్కకట్టడానికి 30 ఏళ్ల సగటును ప్రమాణంగా తీసుకుంటారు. పత్రికలో మొదటి పేజీలో వాతావరణ శాఖ హెచ్చరిక, లోపలి పేజీలో వాతావరణ మార్పుపై అంతర్జాతీయ సదస్సు ఉంటే, ఈ రెండు వాతావరణాలూ ఒకటేనని సామాన్య పాఠకుడు అనుకోవడంలో వింత లేదు. ఒక చల్లటి వేసవి రోజు రాగానే భూతాపం ఏదీ అని అడిగేవారి అయోమయానికి మూలం కొంత ఈ మాటలోనే ఉంది. మన బడి పుస్తకాలు చాలాకాలం నుంచి క్లైమేట్‌కు శీతోష్ణస్థితి అనే మాట వాడుతున్నాయి. భారతదేశ శీతోష్ణస్థితి అనే పాఠం చదవకుండా ఎవరూ పదో తరగతి దాటలేదు. చదువుకున్న మాటను పత్రికలు కొనసాగించి ఉంటే ఈ తికమక ఉండేది కాదు.

ఆ శాఖ హెచ్చరికలకు సంబంధించినదే ఇంకొకటి. భారత వాతావరణ శాఖ వాడే రంగుల్లో పసుపు రంగుకు వాచ్ అని పేరు, అంటే సమాచారం గమనిస్తూ ఉండమని. నారింజ రంగుకు అలర్ట్, సిద్ధంగా ఉండమని. ఎరుపు రంగుకు వార్నింగ్, ఇక కదలమని. పత్రికల్లో ఈ మూడూ ఎల్లో అలర్ట్, ఆరెంజ్ అలర్ట్, రెడ్ అలర్ట్ అయి, మూడింటికీ అలర్ట్ అనే ఒక్క పేరే మిగిలింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచెత్తిన రోజుల్ని, ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిన రోజుల్ని చూసిన నగరానికి ఈ తేడా పుస్తకాల సంగతి కాదు. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, రెండో ప్రమాద హెచ్చరిక అంటే ఏమిటో లంక గ్రామాల్లో చదువు రానివారికి కూడా తెలుసు. ఏ హెచ్చరికకు గొడ్లను తోలుకుపోవాలో, ఏ హెచ్చరికకు పిల్లాపాపలతో గట్టెక్కాలో వారికి చెప్పనక్కరలేదు. మెట్టుమెట్టుగా ఉన్న మాటలను అర్థం చేసుకునే పాఠకులు ఇక్కడున్నారు. గమనించండి, సిద్ధం కండి, కదలండి అని మూడు రంగులకూ మూడు మాటలు రాస్తే చాలు.

కరువు అనే మాట కూడా రెండు ఆంగ్ల పదాలను మోస్తోంది. వానలు లేక, భూమిలో తేమ లేక పంటలు దెబ్బతినడం డ్రౌట్. తిండి దొరకక జనం చనిపోయే స్థితి ఫ్యామిన్. 1832–33లో, నందన నామ సంవత్సరంలో గుంటూరు ప్రాంతాన్ని పీల్చేసిన నందన కరువు ఫ్యామిన్. అందులో లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ తరువాత విజయవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట వచ్చి, 1855లో పూర్తయింది. ఈ రోజుల్లో ప్రభుత్వం ప్రకటించే కరువు మండలాలు డ్రౌట్‌కు సంబంధించినవి. ఫలానా మండలంలో కరువు అన్న తెలుగు వార్తను ఫ్యామిన్ అని అనువదించిన విద్యార్థుల జవాబు పత్రాలను నేను ఎన్నో దిద్దాను. వారిని తప్పుపట్టలేం. అనావృష్టి, క్షామం అనే రెండు మాటలూ మనకున్నాయి, వాటి మధ్య గీతను మనమే చెరిపేసుకున్నాం.

నేర వార్తల్లో పరిస్థితి కొంత మెరుగు. ఎక్యూజ్డ్ అన్నచోట నిందితుడు అనీ, కన్విక్ట్ అన్నచోట దోషి అనీ తెలుగు పత్రికలు నిలకడగా రాస్తున్నాయి, తీర్పు రాకముందే ఎవరినీ దోషి అనడం లేదు. అందుకు అభినందించాలి. దొంగతనానికీ దోపిడీకీ మధ్య మాత్రం ఆ శ్రద్ధ కనిపించదు. తాళం వేసిన ఇంట్లో బీరువా పగలగొట్టి నగలు తీసుకుపోతే దోపిడీ అని శీర్షిక వస్తుంది. ఆంగ్లంలో వస్తువును స్టీల్ చేస్తారు, మనిషిని రాబ్ చేస్తారు. వాక్యంలో కర్మ మారుతుంది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ దొంగతనం 303వ సెక్షన్ కింద, దోపిడీ 309వ సెక్షన్ కింద వేరుగా ఉన్నాయి. దొంగతనం చేసే క్రమంలో గాయపరచడమో, అడ్డగించడమో, అప్పటికప్పుడు హాని చేస్తామని భయపెట్టడమో జరిగితేనే సాధారణంగా అది దోపిడీ అవుతుంది. అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి దోపిడీ చేస్తే అది 310వ సెక్షన్ కిందికి వచ్చే బందిపోటు నేరం. శిక్షలు వేరు కాబట్టి మాటలూ వేరుగా ఉండాలి.

బ్యాంకుల్లోనూ బీమా కార్యాలయాల్లోనూ నామినీ గడిని నింపేటప్పుడు, వారసుడి పేరు రాయండని కౌంటరు వద్ద చెప్పడం మనం వింటూనే ఉన్నాం. సొమ్మును అందుకోవడానికి మనం పేరు రాసిచ్చే నామినీ వేరు, చట్టం ప్రకారం దానిపై హక్కున్న వారసుడు, అంటే ఆంగ్లంలో ఎయిర్, వేరు. బీమా సొమ్మును నామినీ అందుకున్నంత మాత్రాన దానిపై వారసుల హక్కు పోదని 1984లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2015లో చట్టాన్ని సవరించి, తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు నామినీలుగా ఉన్నప్పుడు వారికే లబ్ధి చెందే ఏర్పాటు చేశారు. అయినా ఇతర సందర్భాల్లో పాత భేదం అలాగే ఉంది. అన్నదమ్ముల మధ్య ఎన్ని తగాదాలు ఈ రెండు మాటలను ఒకటిగా అనుకోవడం వల్ల మొదలవుతున్నాయో న్యాయవాదులను అడిగితే చెబుతారు.

పత్రిక అందరికీ అర్థం కావాలి గనుక తేలిక మాటలే వాడతామనీ, శీతోష్ణస్థితి, హృదయస్తంభన వంటివి పాఠకుడిని బెదరగొడతాయనీ మీ కార్యాలయంలో ఎవరైనా అనవచ్చు. ఆ అభిప్రాయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ నిందితుడు, పరివాహక ప్రాంతం వంటి మాటలు ఒకప్పుడు అలవాటు లేనివే. పత్రికలు రోజూ రాయడం వల్ల రచ్చబండ మీదికి వచ్చాయి. పైగా, సూక్ష్మమైన తేడాలు పట్టించుకోని భాష కాదు మనది. ఆంగ్లంలో వాష్ అనే ఒక్క క్రియతో సరిపెట్టే పనికి, మన ఇళ్లలో గిన్నెలు తోముతారు, బట్టలు ఉతుకుతారు, చేతులు కడుగుతారు. వినేవారిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఆంగ్లానికి వీ ఒక్కటే. పొలంలో వరి, కల్లంలో వడ్లు, డబ్బాలో బియ్యం, కంచంలో అన్నం, ఈ నాలుగింటి మధ్య తేడా పలకలేని తెలుగు బిడ్డ ఉండడు. ఇంత తేడా చూడగల పాఠకుడికి గుండెపోటుకూ గుండె ఆగిపోవడానికీ తేడా చెబితే అర్థం కాదని అనుకోవడం సరికాదు.

కాబట్టి రెండు విన్నపాలు. విద్యార్థుల పేజీలో వారానికి ఇరవై జంటలకు బదులు రెండో మూడో జంటలే తీసుకోండి. ప్రతి జంటకూ పూర్తి ఆంగ్ల వాక్యాలు, వాటి పక్కన ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో పూర్తి వాక్యాలు ఇవ్వండి. తెలుగు వాక్యంలో తేడా ఏ అక్షరంలో ఉందో దానికింద గీత గీయండి. డౌట్, సస్పెక్ట్‌తో మొదలుపెడితే బాగుంటుంది. అటువంటి జంటలకు వాక్యాలు రాసి పంపడానికి గుంటూరు, విజయవాడల్లో నా వంటి ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు, పారితోషికం ఆశించకుండా పంపుతారు. వార్తల విభాగంలో, వైద్యం, చట్టం, వాతావరణం వార్తలు రాసేవారు వాడవలసిన జంట మాటల పట్టిక ఒకటి తయారుచేసి ఉపసంపాదకుల బల్లల మీద ఉంచండి. ఆ పట్టికలో మొదటి వరుసలో గుండెపోటు, గుండె ఆగిపోవడం ఉండాలని, దాని కింద ఛాతీని ఎలా నొక్కాలో చెప్పే నాలుగు వాక్యాలు అటువంటి ప్రతి వార్తతోనూ ప్రచురించాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
విశ్రాంత ఆంగ్ల అధ్యాపకురాలు,
బ్రాడీపేట, గుంటూరు.